గట్టు మీది మొక్కలు

"ఎవరయ్యా అది? ఎవరినడిగి పీకుతున్నావ్?"

కంచె తీగ బిగిస్తున్న స్టేషన్ మాస్టరు చేతిలో పటకారుతోనే వాగు గట్టుకి పరుగెత్తాడు.

ఆయన రిటైరై ఏడాది కాలేదు. ఆ పొలం, ఆరు ఆవులు కొని ఆరు నెలలు. చలి తగ్గగానే చేయాల్సిన పనులన్నీ కాగితం మీద రాసి పశువుల కొట్టం తలుపుకి అంటించుకున్నాడు. కంచె బాగుచేయడం, కడుపులో పురుగులకి నట్టల మందు తాగించడం, గిట్టలు సరిచేయించడం, పదిహేనో తేదీన మందని వాగు గట్టు పచ్చికలోకి తోలడం.

గట్టు మీద ఒక ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని, తడిమట్టిలోంచి మొక్కల్ని వేళ్లతో సహా పెళ్లగించి గోనెసంచిలో వేస్తున్నాడు.

"ఇది గడ్డి కాదయ్యా," అన్నాడు ఆయాసపడుతూ. "పశువు నోట పడకూడనిది."

"నా పొలంలో ఏం తినాలో నా పశువులకి నువ్వు చెప్పక్కర్లేదు. నీ పశువులకి మేత కావాలంటే నన్నడుగు. ఇలా దొంగతనంగా దూరడమేంటి?"

ముసలాయన గట్టు అవతలి కొస వైపు చెయ్యి చూపించాడు.

"ఇంకా సగం గట్టు మిగిలుంది. రెండు రోజులు రానివ్వండి, చాలు."

"ముందు బయటికి నడువు."

సాయంత్రం ఆ సంగతి విని భార్య అంది, "అదేం మొక్కో కనుక్కోకపోయారా?"

"కనుక్కునేదేముంది? ఇవాళ ఆకు, రేపు ఆవు."

మర్నాడు గేటుకి తాళం పడింది.

ముసలాయన వచ్చాడు. ఊచలు పట్టుకుని లోపలున్న స్టేషన్ మాస్టర్ని పిలిచాడు.

"తాళం వేసుకోండి, మీ ఇష్టం. మందని మాత్రం ఇప్పుడే గట్టుకి తోలకండి. నేల మెత్తగా ఉంది. పశువు ఆకు లాగితే వేరు కూడా ఊడొస్తుంది. ఎండలు ముదరనివ్వండి."

"ముప్ఫై ఏళ్లలో ఒక్క బండిని ఆలస్యంగా వదల్లేదయ్యా నేను," అన్నాడు స్టేషన్ మాస్టరు.

పదిహేనో తేదీ పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి మందని వదిలాడు.

పదకొండు కాకుండానే చూడి ఆవు కూలబడింది. కాళ్లు కొట్టుకుంది. నోట నురగ కక్కింది. పశువుల డాక్టరు వచ్చేసరికి ఒళ్లు చల్లబడిపోయింది.

డాక్టరు దాని దవడ విప్పి, నమిలిన వేరు ముక్క బయటికి తీశాడు.

"బొటనవేలంత చాలు, ఆవు బతకదు. మిగతావాటిని వెంటనే కొట్టంలో కట్టేయండి. ఏటా ఒక పెద్దాయన ఈ గట్టంతా శుభ్రం చేసేవాడే? ఈసారి రాలేదా?"

స్టేషన్ మాస్టరు గేటుకున్న తాళం వైపు చూశాడు.

భార్య ఆవు పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది.

"ఇంకో నెలలో ఈనేది," అంది. "వెళ్లండి. ఆయన్ని బతిమాలి తీసుకురండి," అంది.

ముసలాయన గురించి ఊళ్లో అడుగుతూ వెళితే వీధి చివర రెండు గదుల ఇల్లు చూపించారు. ముప్ఫై ఏళ్లు దాటిన కూతురు తలుపు తీసింది. ఆమె వెనక మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టేసి ఉంది.

"నాన్న పోయి మూడు రోజులైందండీ. గుండె జబ్బు. మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. చలి తగ్గిందంటే మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు."

స్టేషన్ మాస్టరు గుమ్మం పట్టుకున్నాడు.

"మీ నాన్నగారిని నేను తరిమేశానమ్మా. మీ పశువుల మేత కోసం వచ్చారనుకున్నాను."

"మాకు పశువుల్లేవండీ. నాకు ఊహ తెలిశాక ఈ ఇంట్లో ఒక్కటీ లేదు."

"మరి ఆ గట్టు మీద ఆయనకేం పనమ్మా?"

ఆమె చుట్టేసిన పరుపు వైపు చూసింది.

"ఆ పొలం పాత యజమాని దగ్గర పశువుల కాపరి మా నాన్నేనండీ. నేను పుట్టానని కబురొస్తే, ఒక్కసారి చూసిపోదామని మందని ఆ గట్టు మీద వదిలేసి ఇంటికొచ్చాడు. తిరిగి వెళ్లేసరికి పద్నాలుగు ఆవుల్లో ఒక్కటీ లేచి నిలబడలేదు."