అధరం కింది ఆధారం

“నమ్మకం చాలదమ్మాయ్, ఉమ్మకం కావాలి!”

సంఘం పెద్ద ప్రొఫెసర్ తొక్తోసున్ బల్ల గుద్దాడు. ఓష్ ఊళ్లో పరిశోధనల సంఘం సభ్యులంతా ఉమ్మడిగా నవ్వారు.

డాక్టర్ జిపార్ మొహం కందగడ్డ అయింది. ఆ ఊళ్లో గురువుగారిని ‘అగాయ్’ అంటారు. “అగాయ్, మా క్లినిక్‌లో మందూ మాకూ లేకుండా ఒట్టి మాటలతోనే జనం చేత నస్వాయ్ మాన్పించాం. మానేశామని వాళ్లే చెబుతున్నారు...”

“పెదవి కింద ఆ ఆకుపచ్చ పొగాకు నొక్కుకునేవాడు నోరు తెరిచి నిజం చెబుతాడా? ఉమ్మి పరీక్ష చెయ్యి. పక్కన పెట్టి చూడ్డానికి మాననివాడి ఉమ్మి కూడా తే. పోలిక లేనిదే ఆధారం లేదు. వచ్చే సమావేశానికి తేలేదో, నీ క్లినిక్‌కి తాళమే!”

“మీరు మానేశారని ఊరి గోడల నిండా మీ బొమ్మలేగా అగాయ్. మరి మీ ఉమ్మి?”

“నాకు నా మాటే ఆధారం. పెద్దల నోట్లో వేలు పెట్టకు!”

తొక్తోసున్ పేరుకు తగ్గట్టే తొక్కేశాడు. జిపార్ పళ్లు నూరింది. ‘వేలు పెట్టను. నీ నోటితోనే నీ నోరు మూయిస్తా.’

రోగులు సరదాగా ఉమ్మారు. అందరిదీ శుభ్రం. ఇక పోలికకే కరువు.

ఓ ఉదయం చిన్న బొంతమూట పొత్తిళ్లలో పెట్టుకుని జిపార్ ఆయన గదికి వెళ్లింది.

“మా బాబు అగాయ్. వీడి నోట్లో మీరు ‘తూ’ అనాలి. పెద్దల ఉమ్మి పడితే పెద్దల పోలిక వస్తుందంటారుగా.”

“బిడ్డా? చెప్పనేలేదే!”

“మాతో మాట్లాడే తీరిక మీకేదీ? లేపకండి, నోరు తెరుచుకునే పడుకున్నాడు.”

తొక్తోసున్ ఉబ్బిపోయాడు. నుదుటి మీది కళ్లద్దాలు దించకుండానే బొంత సందులోకి వంగి ధారాళంగా దీవించాడు.

“తూ! తూ! తూ!”

సమావేశం రానే వచ్చింది. తొక్తోసున్ కాగితాలు తిరగేసి మీసం మెలేశాడు.

“మానినవాళ్ల లెక్క సరే. పోలిక ఏదీ? లేదా? అయితే తాళమే! అన్నట్టు, మీ వాడికి నా పోలిక వచ్చిందా?”

“అచ్చం మీ పోలికే అగాయ్. ఆధారం మీ అధరం కిందే దొరికింది.”

జిపార్ బల్ల మీద బొంతమూట విప్పింది. లోపల నోరు తెరుచుకుని పడుకుని ఉంది, అడుగున ఆకుపచ్చటి ఉమ్మితో, ‘మాననివాడు’ అని చీటీ అంటించిన గాజు సీసా.