అమలైన సిఫార్సు

తుడుపుకర్రతో తలుపుమీద ఢాంమని కొట్టాడు హాలిస్.

"ఒరేయ్ కోల్బీ! ఉన్నావా, ఊరెళ్లావా?"

లోపలినుంచి చప్పుడు లేదు.

"నిన్నేరా. జవాబు చెప్తేగాని ఇక్కణ్ణుంచి కదలను. నా నడుంనొప్పి పాపం నీకే తగుల్తుంది."

"ఉన్నాలే తాతా. ఎక్కడికి పోతాను? తాళంచెవి నా దగ్గరుందా?"

"అదీ! మనిషన్నాక పలకాలి. ఇవాళ మొక్కజొన్న రొట్టె చేస్తున్నారు, వాసనొచ్చింది. మధ్యాహ్నందాకా ఓపిక పట్టు."

వరండా మొదట్లో బల్ల దగ్గర కూర్చున్న వెర్నా కణతలు నొక్కుకుంది.

"ఒక్కరోజైనా నోరు మూసుకుని తుడవలేవా హాలిస్?"

"నోరు మూసుకుంటే నేల తెల్లబడదు మేడమ్," అంటూ ఖైదీ బట్టల్లోని ఆ ముసలాయన పక్క తలుపు కొట్టాడు.

నిజానికి వెర్నా కావలిమనిషి కాదు. కొండల మధ్య ఉన్న ఆ ఫెడరల్ జైల్లో ఖైదీలకు చదువు చెప్పే టీచరు. కావలివాళ్లు చాలనప్పుడు వంటవాళ్లనీ, నర్సులనీ, టీచర్లనీ తాళాలిచ్చి కాపలాకి తోయడం అక్కడ మామూలే. ఆమె బడిగదికి తాళంపడి వేసవి దాటిపోయింది.

ఆమెకిచ్చిన వరండాలో అన్నీ ఒంటరి గదులు. చివరి గదిలో కోల్బీ. మీసం సరిగ్గా రాని పిల్లాడు. వచ్చిన కొత్తలో ప్రాణం తీసుకోబోయాడు. అందుకని అరగంటకోసారి కిటికీలోంచి చూసి, చూసినట్టు సంతకం పెట్టాలి.

మొదట్లో వెర్నా లేచివెళ్లి చూసేది. పక్క వరండా కూడా ఆమెకే అంటగట్టాక, అందరిలాగే కుర్చీలోంచే సంతకం పెట్టడం అలవాటైంది. కెమెరా ఉందిగా అనుకుంది. కెమెరా పాడైందని తర్వాత తెలిసింది. తెలిశాక కూడా అలవాటు మారలేదు.

అందుకే వాషింగ్టన్ నుంచి తనిఖీ అధికారిణి వచ్చిన రోజు ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

"దాచకుండా చెప్పండి. ఇక్కడేం మారాలి?" అంది అధికారిణి.

"మనుషులు కావాలి మేడమ్. కెమెరాలు పనిచేయవు. గదిలో బెల్లు నొక్కితే ఇక్కడ మోగదు. ఆ చివరి పిల్లాడికేమన్నా అయితే నాకు తెలిసే దారే లేదు."

అధికారిణి రాసుకుంటోంది. ఢాంమని చప్పుడైంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఎవరతను?"

"ఖైదీనే. నేల తుడుస్తాడు. ప్రతి తలుపు దగ్గరా ఆగి వాగుతాడు. రోజంతా ఇదే గోల. తల పగిలిపోతోంది."

"ఒక ఖైదీని ఈ తలుపుల దగ్గరికి రానిస్తున్నారా?"

ఆమె అదీ రాసుకుంది.

కొన్నాళ్లకు సిఫార్సులు వచ్చాయి. కావలివాళ్ల పైఅధికారి లెఫ్టినెంట్ ప్రూయిట్ కాఫీ కప్పుతో హుషారుగా వచ్చాడు.

"ఒకటి అప్పుడే అమలు చేసేశాం టీచరమ్మా!"

"మనుషులొస్తున్నారా?"

"ఆశ చూడు! మనుషులకి డబ్బేదీ?"

"పోనీ కెమెరాలు?"

"అవి వచ్చే ఏడు. బెల్లులు ఆ పై ఏడు. నీ ముసలాణ్ణి పీకేశాం. చిల్లిగవ్వ ఖర్చు లేదు. టెక్సస్ జైలుకి బస్సెక్కించి, అమలైందని వాషింగ్టన్‌కి రాసి పడేశాం."

వెర్నాకి కొంచెం బాధేసింది. కొంచెమే. వరండా ఎంత ప్రశాంతంగా ఉందో! చాన్నాళ్లకు తలనొప్పి లేదు.

ఆ వారం చివర, మధ్యాహ్నం, చివరి గది తలుపు కంతలోంచి భోజనం పళ్లెం లోపలికి నెట్టింది. అందుకునే చెయ్యి రాలేదు.

"కోల్బీ! పళ్లెం పట్టుకో బాబూ."

తలుపు తీసేసరికి పిల్లాడు చల్లబడి ఉన్నాడు. పొద్దుటే పోయాడన్నాడు డాక్టరు.

పిల్లాణ్ణి స్ట్రెచర్‌మీద మోసుకెళ్లిపోయాక, పక్కగది కంతలోంచి రామిరెజ్ అనే ఖైదీ పిలిచాడు.

"టీచరమ్మా, పొద్దున గోడ అవతల ఏదో పడింది. బెల్లు నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. అరిచాను కూడా."

"పక్క వరండాలో ఉన్నాను, రామిరెజ్."

"తాత ఏడి?"

"పంపేశారు. ఆ గోల..."

"గోలా?" అన్నాడతను. "పోయిన చలికాలం నేనూ పలకలేదు. ఇంక పలకకూడదనే అనుకున్నాను. ముసలాడు వదిల్తేనా! తిట్టాడు, పాడాడు, వాళ్లావిడ వేయించే కోడి గురించి చెప్పి చెప్పి ప్రాణం తోడేశాడు. నేను బూతు తిట్టేదాకా తలుపు వదల్లేదు. ఆ పూట ఎలాగో గడిచిపోయింది."



విచారణకు మళ్లీ అదే అధికారిణి వచ్చింది. సంతకాలన్నీ చూసింది. ఒక్క అరగంట కూడా తప్పిపోలేదు.

"ఇప్పుడైనా నిజం చెప్పండి వెర్నా. ఈ గదుల్లోకి రోజూ తొంగిచూసింది ఎవరు?"

లెఫ్టినెంట్ గొంతు సవరించుకున్నాడు. వెర్నా అతనివైపు చూడలేదు.

"చూసేవాడు ఒక్కడే ఉండేవాడు మేడమ్," అంది. "నేను చెప్తే మీరు రాసుకున్నారు, మీరు రాస్తే వీళ్లు బస్సెక్కించేశారు."