డేగ ముద్ర

దానిమ్మతోటలో డేగ పెత్తనం భరించలేక, పికిలిపిట్ట ఎగిరెగిరి ఒక చెరువుగట్టున వాలింది. గట్టుకు పెద్దయిన కొంగ దారికి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడినుంచమ్మా?"

"దానిమ్మతోట, బాబాయ్."

"డేగ రాజ్యమా? అయితే నువ్వు డేగ పిట్టవే."

పికిలికి ఒళ్లు మండింది. రెక్క ఎత్తి, ఇంకా మానని గాయం చూపించింది. "ఇది దాని గోరు దిగిన చోటు. తనవాళ్లనైతే ఇలా చీరుతుందా?"

కొంగ మెడ వంచి చూసి, బాతుల వైపు తిరిగింది. "చూశారా, ఒంటి మీద డేగ ముద్ర కూడా ఉంది."

బాతులు పిల్లల్ని రెక్కల కింద దాచుకున్నాయి.

పికిలి మాత్రం కదల్లేదు. "'నువ్వు చెరువువాళ్ల పిట్టవి' అంటూనే డేగ నన్ను చీరింది, బాబాయ్" అంది. "మీరూ ఆ డేగా కూర్చుని, నేనెవరి పిట్టనో ముందు తేల్చుకోండి."