తిట్టని వారం

నేను కమ్మరిని. నా సుత్తి కంటే నోరే పెద్దగా మోగుతుందని పేరు. యోగం నేర్పమని మాస్టారి దగ్గరికి వెళితే, "ఆసనాలు తర్వాత తాతా! ముందు అహింస. రోజూ ఎవరినీ తిట్టకుండా ఉండు, చూద్దాం," అన్నాడు.

మాటిచ్చాను. ఇస్తే తప్పే రకం కాదు నేను. ఇంట్లో మాత్రం చెప్పలేదు, నవ్వుతారు.

వారం తిరక్కుండానే ఫలితం కనిపించింది. మా ఆవిడ అడక్కుండా టీ తెస్తోంది, కాళ్లు పడుతోంది. యోగమంటే ఇదీ అని మీసం దువ్వాను.

ఇవాళ డాక్టర్ని ఇంటికి పిలుచుకొచ్చింది. ఆయన నాడి చూసి, "గుండ్రాయిలా ఉన్నాడమ్మా," అన్నాడు.

"మరి తిట్టడం మానేశాడేంటండీ? ఇక పోతాడేమోనని ఇన్ని సేవలు చేశా!" అని కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది. "రోగం లేనోడివి, లేచి ఆ గిన్నెలు తోము!"

నాలుక మీదికొచ్చిన మాటను మింగి లేచాను. నా సాధన ఆ నిమిషాన మొదలైంది.