మసక అద్దం

“వైపర్ తిప్పు,” అన్నాడు మోటారు ఇన్‌స్పెక్టర్ రామ్‌చందర్.

లారీలో కూర్చున్న దుర్గయ్య లోపలి పిడి పట్టుకుని తిప్పాడు. రబ్బరు పట్టీ అద్దం మీద కిర్రుమంటూ అటూ ఇటూ పోయింది.

“వైపర్ మంచిగుంది. అద్దమే మసక. ముందటి అద్దంల నుంచి దారి తేటగా కానరాకపోతే బండి రోడ్డెక్కొద్దు. కానూన్ గది.”

“పోయినసారి మీరు మార్చుమంటే మార్చిన సాబ్. దేశదేశాల లడాయి దినాలు, అద్దాలు దొర్కుతలేవు. పత్తర్‌గట్టిల ఫొటోలు కట్టేటాయన దగ్గర కోయించిన. గిది కొత్తది.”

“కొత్తదైతే గిట్లుంటదా? వారం టైమిస్తున్న. మూడోసారి గూడ గిట్లనే ఉంటే పర్మిట్ రద్దు.”

కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని రాశాడు. దుర్గయ్య దిగి వెళ్లి అందుకున్నాడు.

పర్మిట్ పోతే మాదన్నపేట మార్కెట్‌కు కూరగాయలు తోలే పని పోతుంది. ఆ లారీ తప్ప దుర్గయ్యకు మరో బతుకుతెరువు లేదు. ఇంటికి రాగానే బూడిద పెట్టి అద్దాన్ని తోమాడు. ఆ అద్దంలో లేనిదేదైనా ఉందంటే అది మసకే.

“ఏమన్న ఆశిస్తుండేమో,” అంది భార్య ఆండాలు.

“ఇయ్యబోతే గెదిమిండు. గా మనిషి పైస ముట్టడు.”

ఆండాలు అద్దంలోంచి ఎదురింటి గోడ మీది చీమలబారును చూసింది.

“అద్దాన్నన్న ముడతడా?”

“ముట్టడు. రెండడుగుల అవతల నిలవడి చూస్తడు.”

“చెడ్డోడు కాదు, పాపం,” అంది ఆండాలు. “ఈపారి నేను గూడ వస్త. కచేరీల పెద్ద సాబ్ ఉండే దినమే పోదాం. అద్దం ఫికర్ నాకిడువు.”

వారం తర్వాత చినుకుల్లో లారీ కచేరీ ముందు ఆగింది. పక్క సీటులో ఆండాలు బొంత చుట్టిన మూటను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుంది. వరండాలో పెద్ద సాబ్ చాయ్ తాగుతున్నాడు.

“మూటల ఏముంది?” అడిగాడు రామ్‌చందర్.

“పగిలే సామాన్ సాబ్.”

“సరే, వైపర్ తిప్పు.”

దుర్గయ్య పిడి తిప్పాడు. వైపర్ ఈసారి కిర్రుమనలేదు.

“చప్పుడు పోయింది. మంచిదే.”

రామ్‌చందర్ రెండడుగుల దూరంలో నిలబడి కళ్లు చికిలించాడు. దుర్గయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ముఖం మళ్లీ తడిసింది, మళ్లీ తుడుచుకున్నాడు.

“గన్ని చెమటలేంది? భయమా?”

పక్క బండ్ల డ్రైవర్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పెద్ద సాబ్ చాయ్ కప్పు పక్కన పెట్టి లేచి వచ్చాడు.

“ఏమైంది రామ్‌చందర్?”

“అదే మసక సాబ్. జర్ర గూడ మారలే. ఈ అద్దంల నుంచి ముందట మనిషున్నా కానరాడు.”

పెద్ద సాబ్ లారీ వైపు చూసి అలాగే ఉండిపోయాడు. రామ్‌చందర్ మాత్రం కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని ‘అద్దం మసక, పర్మిట్ రద్దు’ అని రాసి, బానెట్ పక్కనుంచే చాపాడు.

“తీస్కో,” అంది ఆండాలు మెల్లగా.

దుర్గయ్య సీటులోంచే ముందుకు వంగి, అద్దమే లేని చట్రంలోంచి చెయ్యి చాపి ఆ కాగితం అందుకున్నాడు.