అరవై పాళ్ల వాన

"రేపు బడి ఉంటదా, ఉండదా? సరిగ్గ చెప్పు బిడ్డా," అంది అంజవ్వ, మూడోసారి.

టీవీలో ఇంగ్లీషు వాతావరణ వార్తలు విన్న ఏడేళ్ల యుస్రా సోఫా మీద ఎగిరింది. "వాన పడే చాన్సు నూటికి అరవై! పడితే బడి బంద్!"

"మరి తక్కిన నలభై?"

"అది పడకపోతే."

గల్ఫ్ ఎడారి ఊరు బుసైతీన్‌లో డిసెంబరు వాన అంటే చిన్న సంగతి కాదు. గంటసేపు గట్టిగా కురిస్తే చాలు, నీళ్లు పోయే దారి లేక వీధులు నిండిపోతాయి, బళ్లు మూసేస్తారు. పిల్లలకు పండగే. పాపం, ఆ ఇంట్లో పనిచేసే అంజవ్వకే ప్రాణం మీదికొచ్చింది. స్కూలు బస్సు డ్రైవరు వీసా అయిపోయి ఎల్లుండి జగిత్యాల వెళ్లిపోతున్నాడు. రేపే ఆయన ఆఖరి డ్యూటీ. ఆయన చేతికివ్వాలని పాలపొడి డబ్బా, ఊళ్లో ఉన్న తన కూతురు రమకు ఎర్ర స్వెటరు మూటకట్టి పెట్టుకుంది.

"వచ్చే నెల మా తమ్ముడు పోతడు, ఆయనకియ్యి," అంది యజమానురాలు, యుస్రా తల్లి ఫరీదా. ఆమెది కరీంనగర్. "ఆ డ్రైవరే కావాల్నా? ఇంతకు ఆయన పేరేంది?"

అంజవ్వ తల వంచుకుని మూటకు ఇంకో ముడి వేసింది. "అదే మేడం... బస్సాయన. మా దిక్కాయన. ఈ దేశంల నాకింకెవరున్నరు?"

ఆ సాయంత్రమంతా మేడ ఎక్కుతూ దిగుతూనే ఉంది. సముద్రం వైపు లేచిన మబ్బును చూసి తిట్టిపోసింది. "మా ఊళ్లె మక్కచేను ఎండుతుంటె రావు. ఇక్కడేం పనే నీకు?"

మబ్బు వినలేదు. తెల్లారేసరికి వీధిలో పిక్కల్లోతు నీళ్లు. ఆరింటికి రేడియోలో సెలవు ప్రకటించారు. యుస్రా సంతోషంగా మళ్లీ ముసుగుతన్నింది. అంజవ్వ మాత్రం మూట చంకన పెట్టుకుని, తడుస్తూ గేటు దగ్గరే నిలబడింది.

"లోపటికి రా, జరమొస్తది! బస్సు రాదు," గుమ్మంలోంచి కేకేసింది ఫరీదా.

అప్పుడే హారన్ మోగింది. నీళ్లు చిమ్ముకుంటూ బస్సు వచ్చి ఆగింది. లోపల ఒక్క పిల్ల కూడా లేదు.

"సెలవని నాకెవరు చెప్పలే మేడం," అన్నాడు డ్రైవరు. బస్సులో రేడియో ఆ సెలవు సంగతే గట్టిగా చెబుతోంది.

అంజవ్వ మూట అందించింది. ఆయన పట్టుకున్నాడు, ఆమె వదల్లేదు. ఇద్దరి కళ్లూ నిండాయి.

ఫరీదా గొడుగు తెచ్చి అంజవ్వ చేతిలో పెట్టింది. "బస్సెక్కు. బడి నిజంగ బందుందో లేదో చూసి రా. తొందరేం లేదు, మాపటికొచ్చినా సరే."

"నేనా మేడం?" అంజవ్వ బిత్తరపోయింది.

"రెండేండ్ల సంది చూస్తున్న, ఆయన పేరు ఒక్కసారన్న నీ నోట రాలే. పో, పోయి మీ ఆయన పక్కన కూసో!"