మట్టి మాస్టారు

ఆమె ఫ్యాన్ స్విచ్ వేసిందో లేదో, మూల నుంచి ఒక గొంతు వినబడింది.

“ఫ్యాన్ ఆపండమ్మా. పళ్ళెంలో మట్టి ఎగిరిపోతుంది.”

శిలాజ పరిశోధన సంస్థలో ల్యాబ్ ఇన్‌ఛార్జిగా ఆమెకు అది మొదటి రోజు. బయట ఎండ మండిపోతోంది. వచ్చీ రాగానే తనకు హుకుం జారీ చేసిన ఆ పెద్దమనిషి ఎవరా అని చూసింది.

డెబ్బై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా. రెండు చేతులూ పళ్ళేనికి దడి కట్టి, కోడిపెట్ట పిల్లల్ని పొదువుకున్నట్టు వంగి కూర్చున్నాడు.

ఆయన ఉద్యోగి కాదని అటెండరు చెప్పాడు. చాలాకాలంగా తనంతట తానే వచ్చి, ఉత్తపుణ్యానికి పనిచేసి పోతుంటాడట. పేరేమిటో ఎవరికీ పట్టలేదు. ఇస్త్రీ చొక్కా చూసి ఎవరో ‘మట్టి మాస్టారు’ అన్నారు, అదే ఖాయమైపోయింది. నిజానికి ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవాడు కాదు.

చేసే పని కూడా ఎవరూ ముట్టనిదే.

వెనక గదిలో మట్టి బస్తాలున్నాయి. ఎప్పుడో ఒక కొండ దిగువన తవ్వి తెచ్చినవి. ఆ మట్టిని నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, ఆరబెట్టి, మిగిలిన ఇసుకను చిటికెడు చిటికెడు పళ్ళెంలో పోసుకోవాలి. భూతద్దం కింద కుంచె కొసతో ఒక్కో రేణువునూ పక్కకు జరపాలి. కోట్ల ఏళ్ళ కిందటి జీవి పన్నో, చేప పొలుసో దొరికితే దొరికినట్టు. లేకపోతే ఇసుకే.

ఆ కొండ దగ్గర పని ఎందుకు ఆపేశారో చెప్పడానికి పాతవాళ్ళెవరూ మిగల్లేదు.

విద్యార్థులు వచ్చినప్పుడల్లా, ఇవాళ ఏనుగేమైనా దొరికిందా మాస్టారూ అని అడిగి నవ్వేవారు. దాని గోరు కూడా దొరకలేదు నాయనా అని ఆయనా నవ్వేవాడు.

కాస్త పెద్ద ఎముకలు శుభ్రం చేసే పని ఇస్తానని ఆమె ఒకసారి చెప్పి చూసింది. ఆయన చేతులు జోడించి, తనకు ఈ బస్తాలు చాలన్నాడు. పొద్దుపోక వచ్చే మనిషికి ఇంత పట్టుదల ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు.

వానలకు ముందు సంస్థకు కొత్త యంత్రం మంజూరైంది. రాయిని పగలగొట్టకుండానే లోపలి ఎముకను చూపించే యంత్రం. దాన్ని పెట్టడానికి వెనక గది కావాలి. బస్తాలు తీసేయించాలని ఆమె నిర్ణయించింది.

ఆ మాట విని ఆయన మొదటిసారి ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“కొన్నే మిగిలాయమ్మా. తొందరగా చేస్తాను.”

“మీరెంత తొందరపడినా ఏళ్ళు పడుతుందండీ. యంత్రం అన్నాళ్ళు ఆగదు కదా.”

పోనీ ఇంటికి తీసుకెళ్ళి చేస్తానన్నాడు. సంస్థ సామాను బయటివాళ్ళ చేతికి ఇవ్వకూడదని ఆమె చెప్పింది. రూలు అలాగే ఉంది మరి. చేతికి ఇవ్వకూడని మట్టిని పారబోయవచ్చా అని ఆయన అడగలేదు. ఆమెకూ ఆ క్షణాన తోచలేదు.

మర్నాటి నుంచి ఆయన రాలేదు. వస్తే ఏం చెప్పాలో అని బెంగపడుతున్న ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

వారం తిరక్కుండా బస్తాలు లారీ ఎక్కి, ఎక్కడో కొత్తగా వేస్తున్న రోడ్డు కింద కలిసిపోయాయి.

ల్యాబ్ సర్దుతుంటే ఆయన కూర్చునే మూల చివరి పళ్ళెం కనిపించింది. సగం ఇసుక ఒక పక్కకు జరిపి ఉంది, సగం అలాగే ఉంది. పారబోయబోయి, ఎందుకో మనసొప్పక, భూతద్దం కింద పెట్టుకుని కూర్చుంది. ఆయన ఆపిన చోటు నుంచి కుంచెతో జరపడం మొదలుపెట్టింది. మెడ పట్టేసింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఇన్నాళ్ళూ ఆ మనిషి ఎలా కూర్చున్నాడో అనుకుంది.

చివర్లో కుంచెకు ఒక పన్ను తగిలింది. ఆవగింజంత. మూడు మొనలున్న పన్ను.

రాక్షసబల్లుల కాళ్ళ సందున దాక్కుని బతికిన ఎలుకంత జీవిది. అలాంటిది అంతవరకూ ఎవరూ చూడలేదని నిపుణులంతా ఒక్క మాటగా తేల్చారు. ఒక్క పన్ను చాలదని, ఆ మట్టి ఇంకా ఉందా అని అడిగారు.

లేదని ఆమె ఒప్పుకుంది.

అటెండరును వెంటబెట్టుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. మేడ మీద చిన్న వాటా. ఆయన కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చాడు. పన్ను సంగతి గబగబా చెప్పేసింది. బస్తాల సంగతి చెప్పడమే కష్టమైంది. అయినా చెప్పింది.

ఆయన లేచి వెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకున్నాడు. తర్వాత పన్ను ఎలా ఉంటుందని అడిగాడు. ఆమె ఫోన్‌లో ఫొటో చూపించింది. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు. మళ్ళీ తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఆ జీవికి పేరు పెట్టాలని ఆమె చెప్పింది. కష్టపడినవారి పేరు పెట్టడం తమ ఆనవాయితీ అని, ఇంతకాలం అడగనందుకు ఏమీ అనుకోకుండా ఆయన పేరు చెప్పాలని బతిమాలింది.

“నాది వద్దమ్మా. ఆ మట్టి తవ్వినవాళ్ళది పెట్టండి.”

ఎవరు తవ్వారో ఇప్పుడు ఎవరికి తెలుసని ఆమె అడిగింది.

“చివరి బస్తా గోతిలోంచి పైకి అందించి, తను ఎక్కబోతుండగా కొండచరియ విరిగి మీద పడింది,” అన్నాడాయన. “తవ్వింది మా అమ్మాయే తల్లీ.”